ప్రేమ లేని విధేయత, విధేయత లేని ప్రేమ

విధేయత అనే మాట నేటి యువతరానికి రుచించదు. ప్రేమ అనే మాట రుచించినంతగా మరే మాటా రుచించదు. ఈ రెంటినీ ఒకే గ్రంథం ఒకే శ్వాసలో పలికిందంటే విద్యార్థి లోకానికి ఆశ్చర్యం కలగడం సహజం. ప్రేమించేవాడు ఆజ్ఞ కోసం ఎదురు చూస్తాడా? ఆజ్ఞకు లోబడి చేసిన పని ప్రేమ అనిపించుకుంటుందా? అసలు ప్రేమను శాసించడం సాధ్యమా? క్రైస్తవ విశ్వాసంలో ఈ ప్రశ్నలు రెండు వేల సంవత్సరాలుగా నలుగుతున్నాయి. ఇవి క్రైస్తవ విద్యార్థులకు మాత్రమే సంబంధించినవని తలచి తక్కినవారు పుట తిప్పివేయనక్కరలేదు. తల్లిదండ్రులు ఉన్నవారికి, గురువులు ఉన్నవారికి, ఒక ఊరిలో పదిమందితో కలిసి బ్రతికేవారికి అందరికీ ఇవి వర్తిస్తాయి. ఉర్దూ, తెలుగు రెండు కన్నులుగా గల మన కళాశాలలో ఈ విషయాన్ని కలిసి ఆలోచించడం సముచితమని నా అభిప్రాయం.

మొదట మాటల సంగతి చూద్దాము. విధేయత సంస్కృతం నుండి వచ్చిన మాట. మన ఇళ్ళలో ఎవరూ ఆ మాట వాడరు. తల్లి తన కుమారుని గురించి పొరుగింటి ఆమెతో చెప్పేటప్పుడు, మా వాడు చెప్పిన మాట వింటాడు అంటుంది. వినడమంటే తెలుగులో చెవితో వినడమూ అవుతుంది, లోబడి నడవడమూ అవుతుంది. ఇది మన భాషకు మాత్రమే ఉన్న విశేషం కాదు. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో విధేయతకు వాడిన పదం కూడా వినడం అనే ధాతువు నుండే పుట్టింది. లాటిను పదమూ అంతే. అంటే విధేయతకు మొదటి మెట్టు తల వంచడం కాదు, చెవి యొగ్గడం. చెవి యొగ్గడానికి ఎదుటివానిపై ఏదో ఒక మమకారం ఉండాలి. మమకారం లేనివాని మాట చెవిన పడుతుందేగాని మనసుకు ఎక్కదు.

తెలుగు బైబిలులో ఆజ్ఞలను పాటించడానికి వాడిన మాట మరింత గమనింపదగినది. అది గైకొనుట. కై అంటే చేయి. చేతిలోనికి తీసుకొనడమే గైకొనడం. ఒకరు ఇచ్చినదానిని చేయి చాచి అందుకొన్నట్లు ఆజ్ఞను అందుకోవాలని ఆ మాటకు అర్థం. నెత్తిన పడిన బరువుకూ, చేయి చాచి అందుకొన్న వస్తువుకూ చాలా భేదమున్నది. ఉర్దూలో విధేయతకు ఇతాఅత్ అంటారు. అరబ్బీలో ఆ పదానికి మూలమైన ధాతువుకు ఇష్టపూర్వకంగా అనే భావమున్నది. బలవంతం దానికి సరిగ్గా వ్యతిరేక పదం. మూడు భాషల పెద్దలు మూడు దిక్కుల నుండి వచ్చి ఒకే మాట చెప్పినట్లున్నది. మనసు పెట్టని లొంగుబాటుకు విధేయత అనే పేరు తగదు.

ఇక సువార్తల సంగతి. క్రీస్తు తనను ప్రేమించేవారు తన ఆజ్ఞలను గైకొంటారని చెప్పిన సందర్భం యోహాను సువార్త పదునాలుగవ అధ్యాయంలో వస్తుంది. ఆ మాటను విడిగా తీసి గోడకు వ్రాస్తే అది ఒక షరతులా కనిపిస్తుంది. కాని దానికి ముందు అధ్యాయాన్ని తిరగవేసి చూడండి. అది ఆయన సిలువకు ముందటి రాత్రి. భోజనపు బల్ల దగ్గర నుండి లేచి, నడుముకు తువ్వాలు కట్టుకొని, పళ్ళెంలో నీళ్ళు పోసుకొని శిష్యుల పాదాలు కడిగినాడు. ఆనాటి పాలస్తీనాలో అది దాసులు చేసే పని. దాసుని పని చేసిన తరువాతనే ప్రభువు ఆజ్ఞ మాట ఎత్తినాడు. మరుసటి అధ్యాయంలో వారిని ఇక దాసులని పిలువనని, స్నేహితులని పిలుస్తానని చెప్పినాడు. దాసునికి యజమాని చేసే పని తెలియదు, స్నేహితునికి తెలుస్తుంది. భేదం అక్కడ ఉన్నదని కూడా వివరించినాడు. ఈ క్రమాన్ని మరచినవారే క్రైస్తవ విధేయతను బానిసత్వంగా చిత్రిస్తారు. ముందు సేవ, పిదప ఆజ్ఞ, ఆ పిదప స్నేహం. ఆజ్ఞాపించేవాడు ముందుగా వంగినాడు గనుకనే అతని ఆజ్ఞకు వంగడం అవమానం కాలేదు.

ప్రేమకు విధేయత ఎందుకు అవసరమో మత్తయి సువార్తలోని ఇద్దరు కుమారుల ఉపమానం తేటపరుస్తుంది. ద్రాక్షతోటలో పని చేయుమని తండ్రి ఇద్దరికీ చెబుతాడు. ఒకడు పోనని ఎదురు చెప్పి, తరువాత మనసు మార్చుకొని పోతాడు. రెండవవాడు ఎంతో మర్యాదగా పోతానని చెప్పి, పోడు. తండ్రి ఇష్టం నెరవేర్చినవాడు ఎవడని క్రీస్తు అడిగినాడు. మాట మర్యాదకు ఇక్కడ మార్కులు లేవు. తోటలో పని జరిగిందా లేదా అన్నదే లెక్క. నోటితో ప్రేమను ఒలకబోసి, కాలు కదపనివాని ప్రేమ రెండవ కుమారుని మర్యాద వంటిది.

విధేయతకు ప్రేమ ఎందుకు అవసరమో లూకా సువార్తలోని మరొక అన్నదమ్ముల కథ చెబుతుంది. తప్పిపోయిన కుమారుని కథ అందరికీ తెలిసినదే. అందరూ చిన్నవానిని గురించి మాట్లాడుతారు. నన్ను కలవరపెట్టేవాడు పెద్దవాడు. అతడు ఇల్లు విడిచిపోలేదు, ఆస్తి తగలబెట్టలేదు, తండ్రి ఆజ్ఞను ఎన్నడూ మీరలేదు. అయినా తమ్ముడు తిరిగి వచ్చిన రాత్రి ఇంటి లోపల విందు జరుగుతుండగా అతడు గుమ్మం బయట నిలిచిపోయినాడు. ఇన్నేళ్ళు చేసిన సేవకు తనకు ఒక మేకపిల్ల అయినా దక్కలేదని లెక్క చెప్పినాడు. అన్నేళ్ళ విధేయత కూలి లెక్కగా తేలిపోయింది. తండ్రి ఇంట్లోనే ఉంటూ తండ్రి మనసుకు దూరమైనవాడు అతడు. పౌలు భక్తుడు కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి లేఖలోని సారాంశమూ ఇదే. ఆస్తి అంతా పంచి పెట్టినా, చివరకు శరీరాన్నే అగ్నికి అప్పగించినా, ప్రేమ లేనినాడు అది వ్యర్థమని ఆయన నిర్ణయం.

కనుక ప్రేమ లేని విధేయత కూలి, విధేయత లేని ప్రేమ కబురు. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండదని తలుస్తాను. దీనిని మన సీమ మట్టిపై నిలబెట్టి పరీక్షించి చూద్దాము.

అనంతపురం సీమకు సాలుకు సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి గాలులు పశ్చిమ కనుమల అవతలనే బరువు దించుకొని వస్తాయి. ఈశాన్యపు మేఘం ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతుంది. ఎర్ర నేలలో వేరుశనగ విత్తిన రైతు తొలకరి తరువాతి వాన కోసం ఆకాశం వైపు చూస్తాడు. వాన రానినాడు భూమి అడుగుకు చూస్తాడు. బావులు ఎండినాయి, బోర్లు వచ్చినాయి. బోర్లు వందల అడుగుల లోతుకు దిగినాయి. ఒకడు లోతుగా వేస్తే పక్క పొలంలోని బోరు ఎండుతుంది. పక్కవాడు అప్పు చేసి మరింత లోతుకు పోతాడు. వీరిద్దరూ పగవారు కారు. ఒకే పెళ్ళిపందిట్లో కూర్చొని భోంచేసేవారు, ఒకరి పాడెను ఒకరు మోసేవారు. వారి మధ్య ప్రేమకు కొదవ లేదు. అయినా ఆ ప్రేమ నీటిని నిలపలేకపోయింది.

2002లో మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. వాల్టా అని దానిని పిలుస్తారు. తాగునీటి వనరుకు సమీపంలో ఇష్టం వచ్చినట్లు బోర్లు వేయరాదని, అనుమతి తీసుకోవాలని ఆ చట్టం నిర్దేశిస్తుంది. దానిని పాటించిన రైతుకు వెంటనే కలిగే లాభం ఏమీ లేదు. తన పొలం తడవదు. కాని ఊరి ఆడవారు బిందెలతో నిలబడే చోట నీరు నిలుస్తుంది. పొరుగువానిని నీవలె ప్రేమించుమన్న ఆజ్ఞకు మా సీమలో ఇంతకంటె స్పష్టమైన భాష్యం నాకు కనబడదు. పొరుగువానిపై ఎంత జాలి పొంగినా బిందె నిండదు. ఒక నియమాన్ని, తనకు నష్టమైనా సరే, పాటిస్తే నిండుతుంది. ప్రేమకు ఆజ్ఞ ఎందుకని అడిగేవారికి ఇదే సమాధానం. ప్రేమ మనసులో కదిలే భావం. భావం వస్తుంది, పోతుంది. అది పోయిన రోజున కూడా పొరుగువానికి దాహం వేస్తుంది. ఆ రోజు కోసమే ఆజ్ఞ ఉన్నది.

అయితే అసలు చిక్కు ఇంకా రాలేదు. ప్రేమ ఒక దారి చూపి, ఆజ్ఞ మరొక దారి చూపినప్పుడు మనిషి ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు పుస్తకాలలో వెదకనవసరం లేకుండా మన జిల్లా చరిత్రలోనే ఒక జీవితం ఉదాహరణగా నిలిచి ఉన్నది.

విన్సెంట్ ఫెర్రర్ 1920లో స్పెయిను దేశపు బార్సిలోనా నగరంలో జన్మించినారు. యౌవనంలో స్వదేశపు అంతర్యుద్ధాన్ని చూచినారు. 1944లో యేసు సభలో చేరినారు. ఆ సభను ఇగ్నేషియస్ లొయోలా స్థాపించగా 1540లో పోపు ఆమోదించినారు. దారిద్ర్యం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలలో విధేయతకు ఆ సభ ఇచ్చినంత ప్రాధాన్యం అరుదు. 1553లో ఇగ్నేషియస్ విధేయతను గురించి పోర్చుగల్‌లోని తన సోదరులకు వ్రాసిన లేఖ క్రైస్తవ లోకంలో ప్రసిద్ధం. అటువంటి సభ సభ్యులుగా ఫెర్రర్ 1952లో భారతదేశం వచ్చినారు. మహారాష్ట్రలోని మన్మాడులో గురువుగా ఉన్నప్పుడు కరువు రైతులను చూచినారు. బావులు త్రవ్వుకొనే రైతులకు గోధుమలు, నూనె ఇచ్చి ప్రోత్సహించినారు. పని పెరిగింది. పేదలు ఆయన చుట్టూ చేరినారు. పేదలు ఒకని చుట్టూ చేరితే అనుమానించేవారు ప్రతి దేశంలోనూ ఉంటారు. 1968లో ఆయనను దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు అయింది.

అప్పుడు వేలాది రైతులు ఆయన పక్షాన బొంబాయి దారి పట్టి నడిచినారు. జనబలం అంత ఉన్నా ఆయన ఉత్తర్వును ధిక్కరించలేదు. దేశం విడిచి వెళ్ళినారు. శ్రీమతి ఇందిరాగాంధీ ప్రభుత్వం తిరిగి రావడానికి అంగీకరించగా 1969లో మళ్ళీ వచ్చినారు. ఈసారి ఆయన వచ్చిన చోటు అనంతపురం. మరుసటి సంవత్సరం, 1970లో, ఆయన యేసు సభ నుండి వైదొలగినారు. అదే సంవత్సరం ఆన్ పెరీ గారిని వివాహమాడినారు. ఆ దంపతులు నడిపిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఈ జిల్లా పల్లెలలో ఏమి చేసిందో మన విద్యార్థులకు చెప్పనవసరం లేదు. దళితవాడలలో పక్కా ఇళ్ళు, బడులు, చెవిటి, అంధ బాలబాలికలకు పాఠశాలలు, బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులలో ఆసుపత్రులు. ఈ పత్రిక చదివే వారిలోనే ఆ ఆసుపత్రులలో పుట్టినవారు ఉండవచ్చును. 2009 జూన్ 19న అనంతపురంలో ఆయన కన్నుమూసినారు. బత్తలపల్లిలో ఆయన సమాధి ఉన్నది.

ఇప్పుడు ప్రశ్న. విధేయతా వ్రతం పట్టిన మనిషి ఆ వ్రతాన్ని విడిచిపెట్టినాడు. ప్రేమ గెలిచింది, విధేయత ఓడింది అని చప్పట్లు కొట్టడం సులభం. ఆయనను అభిమానించేవారు చాలామంది అదే చేస్తారు. నాకు ఆ తీర్పు తొందరపాటుగా తోస్తున్నది. ఎదుటి పక్షం వాదం తేలికైనది కాదు. వ్రతమంటే కష్టం వచ్చేదాకా ఉంచుకొనేది కాదు. కష్టం వచ్చినప్పుడు మనిషిని నిలబెట్టడానికే అది ఉన్నది. ప్రతివాడూ తన మనసు చెప్పినదే దేవుని మాట అనుకొంటే ఏ సభా, ఏ సంఘమూ నిలువదు. యేసు సభ చరిత్రనే చూడండి. పద్దెనిమిదవ శతాబ్దంలో ఫ్రెంచి గురువులు కర్ణాటక మిషన్ పేరిట తెలుగు సీమలో పనిచేసినారు. వారిలో ఒకరైన ఫాదర్ కేర్దూ తెలుగు నేర్చి నిఘంటువు కూర్చినారు. సంస్కృతానికీ గ్రీకు, లాటిను భాషలకూ గల చుట్టరికాన్ని 1767 నాటికే గుర్తించినారు. 1773లో పోపు పదునాలుగవ క్లెమెంటు ఆ సభనే రద్దు చేసినారు. జీవితాన్ని ధారపోసిన సభను కూల్చివేసిన ఆజ్ఞకు సభ్యులు తల ఒగ్గినారు. 1814 దాకా సభ పునరుద్ధరింపబడలేదు. వారిలో చాలామంది పునరుద్ధరణను చూడకుండానే కాలం చేసినారు. వారి విధేయతలో ప్రేమ లేదని అనగలిగే సాహసం నాకు లేదు.

మరి ఈ రెంటికీ సమన్వయం ఎక్కడ? ఒక మనిషి అంతరంగాన్ని చదివే అధికారం మనకు లేదు. బయటికి కనబడే రెండు విషయాలను మాత్రం తూచవచ్చును. మొదటిది, అతడు చేసినది బహిరంగంగా చేసినాడా, చాటుగా చేసినాడా? రెండవది, ఆ పనికి వెల ఎవరు చెల్లించినారు, తానా, ఇతరులా? వ్రతం పేరు ఉంచుకొని చాటున దానిని మీరేవాడు విధేయతనూ, ప్రేమనూ రెంటినీ మోసగిస్తాడు. ఫెర్రర్ గారు అలా చేయలేదు. మోయలేని వ్రతాన్ని అందరి ఎదుట దించినారు. దించిన తరువాత సుఖం వెదుక్కొంటూ బార్సిలోనాకు పోలేదు. అంతకంటె బరువైన పనిని ఎత్తుకొని ఈ కరువు నేలపై నలభై ఏండ్లు మోసినారు. వెల ఆయనే చెల్లించినారు. కాబట్టి ఆయన విధేయతను విడిచినారనడం కంటె, దానికి మరొక చోట కట్టుబడినారనడం న్యాయమని నా అభిప్రాయం. దీనితో ఏకీభవించని మిత్రులు ఉండవచ్చును. కాని సులభమైన దారి కోసం విధేయతను విడిచేవానికీ, కష్టమైన దారి కోసం విడిచేవానికీ గల భేదాన్ని వారూ కాదనలేరు.

ప్రశ్నించని విధేయత ఎంత ఘోరానికి ఒడిగట్టగలదో గత శతాబ్దం చూచింది. లక్షలాది యూదులను మరణ శిబిరాలకు తరలించిన ఐక్‌మన్ 1961లో యెరూషలేము న్యాయస్థానంలో నిలబడి తాను పై అధికారుల ఆజ్ఞలను పాటించినానని చెప్పుకొన్నాడు. అదే దేశంలో బోన్‌హోఫర్ అనే లూథరన్ పాదిరి ఉండేవాడు. క్రీస్తు శిష్యుడు కావడమంటే విధేయతకు వెల చెల్లించడమని 1937లో గ్రంథం వ్రాసినవాడు. ఆ పాదిరే తన ప్రభుత్వానికి అవిధేయుడై చెర పాలై, 1945 ఏప్రిల్‌లో ఉరికంబం ఎక్కినాడు. విధేయతను అందరికంటె గట్టిగా బోధించినవాడే అవిధేయుడని శిక్ష పొందినాడు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. పై ఆజ్ఞను విన్నవానికి క్రింది ఆజ్ఞ వినపడలేదు, అంతే. యెరూషలేము సభవారు బోధించవద్దని ఆజ్ఞాపించినప్పుడు పేతురూ ఇతర అపొస్తలులూ మనుష్యుల మాటకంటె దేవుని మాటకే తాము లోబడవలసి ఉన్నదని బదులు చెప్పినట్లు అపొస్తలుల కార్యములలో ఉన్నది.

ఈ భావం మనకు క్రొత్తది కాదు. నార్పల మండలంలోని గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండుగకు మొహర్రం మాసంలో హిందువులూ ముస్లిములూ వేలుగా తరలివస్తారు. ఆ మాసం స్మరించేది ఎవరిని? క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో యజీదుకు విధేయత ప్రకటించడానికి నిరాకరించి ప్రాణమిచ్చిన హుసేనును. చేతిలో చేయి వేసి బైఅత్ చేసి ఉంటే ఆయన బ్రతికేవాడు. అల్లాకు ఇచ్చిన చేతిని అన్యాయానికి ఇవ్వలేకపోయినాడు. మన పోతన భాగవతంలోని ప్రహ్లాదుడూ అంతే. తండ్రి మాట వినని కొడుకును మన జాతి తరతరాలుగా పిల్లలకు ఆదర్శంగా చూపుతున్నది. అయితే ప్రహ్లాదుడు తండ్రిని ద్వేషించలేదు, తండ్రికి సద్గతినే కోరినాడు. అవిధేయతలో కూడా ప్రేమ చెడకుండా నిలుపుకొన్నాడు. ఇది చాలా కష్టమైన విద్య.

విధేయత మౌనమనే భ్రమను కూడా ఇక్కడ తొలగించుకోవాలి. గెత్సేమనే తోటలో క్రీస్తు మొదట చేసినది ప్రార్థన. తన ముందున్న శ్రమ పాత్ర తొలగిపోవాలని తండ్రిని వేడుకొన్నాడు. ఆ పిమ్మటనే తండ్రి చిత్తానికి తనను అప్పగించుకొన్నాడు. తన బాధను చెప్పుకోవడం, మరొక దారి ఉన్నదేమో అని అడగడం అవిధేయత కాదని ఆ రాత్రి సాక్ష్యమిస్తున్నది. నోరు నొక్కి తెచ్చిన లొంగుబాటును విధేయత అని పొగిడే పెద్దలు ఆ తోటను ఒకసారి తలచుకోవాలి.

పెద్దలకు చెప్పినప్పుడు పిన్నలకు కూడా చెప్పడం న్యాయం. మన యువకులలో ఒక వింత విధేయత కనబడుతున్నది. చదువు విషయంలో తండ్రి మాట వినరు, స్నేహాల విషయంలో తల్లి మాట వినరు. పెళ్ళి సమయంలో మాత్రం పరమ విధేయులవుతారు. కట్నం తమకు ఇష్టం లేదట, పెద్దల మాట కాదనలేరట! 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. చట్టం మాట వినరు, మనస్సాక్షి మాట వినరు, డబ్బు తెచ్చిపెట్టే ఆజ్ఞ ఒక్కటే వింటారు. క్రైస్తవ కుటుంబాలు గాని, ముస్లిం కుటుంబాలు గాని, హిందూ కుటుంబాలు గాని ఈ విషయంలో ఒకరిని చూచి ఒకరు నవ్వే స్థితిలో లేరు. ఇంతకు ముందు చెప్పిన కొలబద్దను ఇక్కడ పెట్టి చూడండి. ఈ విధేయతకు వెల ఎవరు చెల్లిస్తున్నారు? ఆడపిల్ల తండ్రి. ఇతరులు వెల చెల్లించే విధేయత ప్రేమకు పుట్టినది కాదు, లాభానికి పుట్టినది.

చివరగా మన కళాశాల సంగతి చెప్పకుండా ముగిస్తే ఈ వ్యాసం రెండవ కుమారుని మర్యాద అవుతుంది. పరీక్షకు కూర్చోవాలంటే 75 శాతం హాజరు ఉండాలనే నియమం విద్యార్థులందరికీ తెలుసు. నియమం మంచిదే. అది లేకపోతే తరగతి గది ఖాళీ అవుతుంది. కాని మన పల్లెలలో వేరుశనగ పీకే రోజులు వచ్చినప్పుడు పేద విద్యార్థి కూలికి పోతాడు. పంట పోయిన ఏడు కుటుంబమంతా బెంగుళూరుకు వలస పోతే తమ్ముళ్ళను చూచుకొనే విద్యార్థిని ఇంటి దగ్గరే ఉండిపోతుంది. హాజరు పట్టీలో ఆమె పేరు ఎదుట పడే గుర్తుకూ, సినిమాకు పోయినవాని పేరు ఎదుట పడే గుర్తుకూ తేడా లేదు.

తప్పిపోయిన గొర్రె ఉపమానాన్ని ఈ కోణం నుండి చూచినవారు అరుదు. నూరు గొర్రెలలో ఒకటి తప్పిపోయిందని కాపరికి ఎలా తెలిసింది? లెక్కపెట్టినాడు గనుక తెలిసింది. హాజరు పట్టీ వంటిదేదో అతని దగ్గరా ఉన్నది. కాని రానిదానికి గుర్తు పెట్టి ఊరకోలేదు, వెదకడానికి బయలుదేరినాడు. లెక్క నియమం, వెదకడం ప్రేమ. లెక్క లేనివాడు వెదకలేడు, వెదకనివాని లెక్కకు అర్థం లేదు. కళాశాల కార్యవర్గానికి నా విన్నపం ఇది. రెండు వారాలు రాని విద్యార్థి ఇంటికి ఒక అధ్యాపకుడు వెళ్ళి కారణం తెలుసుకొనే ఏర్పాటు చేయాలి. కోత రోజులలో తప్పిపోయిన పాఠాలకు తరువాత కొన్ని సాయంకాలాలు కేటాయించాలి. నియమాన్ని సడలించమని నేను అడగడం లేదు. నియమం వెంట ఒక మనిషిని నడిపించమని అడుగుతున్నాను. పాదాలు కడిగినవాని ఆజ్ఞకే విలువ అన్న సూత్రం క్రైస్తవులకు మాత్రమే పరిమితం కానక్కరలేదు.

విద్యార్థి మిత్రులారా, మీకు కూడా ఒక మాట. కాపరి వెదకుతూ వచ్చినప్పుడు గొర్రె దాగుకొనరాదు. రాలేని కారణాన్ని ముందుగా ఒక ఉత్తరం ముక్కలో వ్రాసి పంపండి. కారణం నిజమైనది కానప్పుడు నిజమే చెప్పండి. నియమం అన్యాయమని తోచినప్పుడు చాటున మీరకండి. ఎదుట నిలబడి వినయంగా అడగండి. దానికి వచ్చే కష్టాన్ని మీరే భరించండి. ప్రేమించేవారి మాట వినడం నేర్చినవానికి, వినకూడని మాట ఏదో కూడా క్రమంగా తెలుస్తుంది. ఆ తెలివిడి ఉన్నవానిని ఏ నియంతా వశపరచుకోలేడు. అటువంటి విధేయులను, అవసరమైనప్పుడు అటువంటి అవిధేయులను కూడా, మన కళాశాల ఈ సీమకు అందించాలని నా ఆకాంక్ష.